మా ఊరి చిన్న గూబ, ఎక్కడో ఉన్న ఫారెస్ట్ ఔలెట్: గోదావరి జిల్లాలవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొబ్బరితోటలోనో కాలువగట్టు మీదో ఒక చిన్న గుడ్లగూబ కనపడుతుంది, ఫోన్‌లో ఫొటో తీస్తారు, "వందేళ్లు కనపడకుండా పోయిన గూబ, ఆ ఫారెస్ట్ ఔలెట్, ఇదే కదండీ" అని పంపిస్తారు. చలికాలం మొదలైతే ఇలాంటివి ఇంకా ఎక్కువ. అందరికీ విడివిడిగా అదే జవాబు టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. అంతా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## ఫొటో తీయగానే వచ్చే డౌట్లు

మా తోటలో పగటిపూటే చిన్న గుడ్లగూబ కూర్చుంది. ఇది ఫారెస్ట్ ఔలెట్టేనా?

కాదండి. అమలాపురం, రాజోలు, రావులపాలెం, భీమవరం, ఎక్కడ తీసినా సరే, ఊళ్లో తోటల్లో కనిపించే ఆ చిన్న గూబ స్పాటెడ్ ఔలెట్. పైడికంటి అని మనకి పాత పేరు కూడా ఉంది. గోధుమరంగు ఒళ్లు, దానిమీద తెల్ల చుక్కలు, పచ్చటి కళ్లు, మిమ్మల్ని చూడగానే తల పైకీ కిందకీ ఊపుతూ గుంజీళ్లు తీస్తుంది. ఫారెస్ట్ ఔలెట్ మధ్య భారతంలో, పశ్చిమ కనుమల ఉత్తరపు కొసలో ఉండే పక్షి. డెల్టాలో అది ఉన్నట్టు ఎలాంటి రికార్డూ లేదు.

ఫారెస్ట్ ఔలెట్ ఒక్కటే పగలు తిరుగుతుందని చదివాను. మరి ఇది పగలే ఉంది కదా?

ఫారెస్ట్ ఔలెట్ పగటి పక్షి అన్నమాట నిజమే, పొద్దున్నే వేటకి దిగుతుంది, ఎండలో మోడు చెట్టు కొమ్మ చివర దర్జాగా కూర్చుంటుంది. అలాగని పగలు కనపడిన గూబలన్నీ అవే అయిపోవు. స్పాటెడ్ ఔలెట్ వేట ఎక్కువగా మునిమాపువేళ, రాత్రి. పగలు తొర్రలో ఉంటుంది కానీ చలిరోజుల్లో ఎండకోసం తొర్ర గుమ్మంలోకి వచ్చి కూర్చోవడం, ఎవరైనా చెట్టుకింద అలికిడి చేస్తే బయటికి వచ్చి పక్క చెట్టు మీద వాలడం మామూలే. మీకు కనపడింది చాలావరకు నిద్ర చెడిన గూబ.

ఇది పెద్ద గుడ్లగూబ పిల్లేమో కదండీ, ఇంత చిన్నగా ఉంది?

పిల్ల కాదు, పెరిగిన పక్షే. స్పాటెడ్ ఔలెట్ పొడవు 21 సెంటీమీటర్లు, అంతకు మించి ఎదగదు. ఫారెస్ట్ ఔలెట్ కూడా 23 సెంటీమీటర్లే, అంటే మన గోరింకంత. గుడ్లగూబ అనగానే మనకి గుర్తొచ్చే ఆ తెల్లమొహం పెద్ద గూబ వేరే జాతి. పాత మిల్లుల్లో, గుడి గోపురాల్లో ఉంటుంది, రాత్రి గీపెట్టినట్టు అరుస్తుంది.

## గుర్తుపట్టేటప్పుడు

స్పాటెడ్ ఔలెట్‌కీ ఫారెస్ట్ ఔలెట్‌కీ తేడా తేలిగ్గా చెప్పండి

ముందు నడినెత్తి చూడండి. స్పాటెడ్ ఔలెట్ నెత్తిమీద తెల్ల చుక్కలు గుప్పున కనపడతాయి, పిండి చల్లినట్టు. ఫారెస్ట్ ఔలెట్ నెత్తి దాదాపు సాదా, చుక్కలున్నా బాగా మసగ్గా ఉంటాయి. తర్వాత రొమ్ము: ఫారెస్ట్ ఔలెట్‌కి పైరొమ్ము ముదురు గోధుమరంగుతో నిండుగా ఉండి, కింది పొట్ట మచ్చలేకుండా తెల్లగా ఉంటుంది, ఆ రెండిటి మధ్య తేడా దూరం నుంచి కూడా తెలుస్తుంది. స్పాటెడ్ ఔలెట్ పొట్టనిండా గోధుమరంగు చుక్కలూ తునకలూ. మూడోది కాళ్లు, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. ఫారెస్ట్ ఔలెట్ కాళ్లు లావుగా, తెల్లటి ఈకలు దట్టంగా కప్పి ఉంటాయి. తల, ముక్కు కూడా ఒంటికి మించి పెద్దవి. రెక్కలమీద, తోకమీద పట్టీలు వెడల్పుగా, కొట్టొచ్చినట్టు ఉంటాయి. పొడవులో తేడా రెండు సెంటీమీటర్లే అయినా బరువులో ఫారెస్ట్ ఔలెట్ దాదాపు రెట్టింపు, 240 గ్రాముల దాకా తూగుతుంది.

ఫోన్ యాప్ ఫారెస్ట్ ఔలెట్ అనే చూపించింది. యాప్ కూడా తప్పు చెబుతుందా?

చెబుతుంది. పొద్దుగూకాక, అంత దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటోలో చుక్కలన్నీ కలిసిపోయి నెత్తి సాదాగా కనపడుతుంది. యాప్ చూసేది మీరిచ్చిన బొమ్మనే కదా. లొకేషన్ ఆన్ చేసి, పక్షి ఎదురుగా ఒకటి, తల కాస్త వంచినప్పుడు ఒకటి, కాళ్లు కనపడేలా ఒకటి తీసి మళ్లీ అడగండి. యాప్‌ది ఒక సలహా అనుకోండి, తీర్పు అనుకోకండి.

మారేడుమిల్లి అడవిలో ఒళ్లంతా చారలున్న చిన్న గూబని చూశాం. అడవిలోదే కదా, అది కూడా కాదంటారా?

అది జంగిల్ ఔలెట్. ఇక్కడ అందరూ తికమక పడతారు, ఎందుకంటే ఇంగ్లీషు పేర్లు రెండూ అడవి అనే చెబుతున్నాయి. జంగిల్ ఔలెట్‌కి తల నుంచి తోకదాకా సన్నటి అడ్డచారలు దగ్గరదగ్గరగా ఉంటాయి, చుక్కలు ఉండవు, తల గుండ్రంగా ఉంటుంది, పొడవు 20 సెంటీమీటర్లు. పాపికొండలు, రంపచోడవరం, మారేడుమిల్లి వైపు పొద్దున్నే తిరిగితే కనపడే అవకాశం బాగానే ఉంది. దేశంలో చాలాచోట్ల ఉంది, దానికి ఇప్పట్లో ప్రమాదం లేదు. అయినా బాగుంటుందండి చూడటానికి, ఫారెస్ట్ ఔలెట్ కాదని నిరాశపడకండి.

కనపడలేదు గానీ అరుపు విన్నాం. అరుపుని బట్టి చెప్పగలరా?

మన ఊళ్లో పైడికంటిది కీచుమని గొడవపడుతున్నట్టుండే అరుపు, "చిర్ర్ చిర్ర్ చిర్ర్" అని మొదలై "చివక్ చివక్" అంటూ సాగుతుంది, సాయంత్రం చీకటి పడుతుండగా రెండు కలిసి అందుకున్నాయంటే నాలుగు పక్షులు కొట్టుకుంటున్నాయనుకుంటాం. జంగిల్ ఔలెట్ది "కావ్ కావ్" అని నింపాదిగా మొదలై పోనుపోనూ జోరందుకుంటుంది. ఫారెస్ట్ ఔలెట్ అరుపు వీటికంటే గుండ్రంగా, "ఓ-వోవ్" అన్నట్టు, మధ్యమధ్య ఆగి వస్తుంది. రాసి చెబితే ఇంతకంటే రాదు, రికార్డు చేసి పంపితే నయం.

తల పూర్తిగా వెనక్కి తిప్పేసింది. మెడ విరగదా?

విరగదు. గూబల కళ్లు మన కళ్లలా గుంటల్లో తిరగవు, పక్కకి చూడాలంటే తలే తిప్పాలి. అందుకని మెడలో 14 ఎముకలున్నాయి, మనకి ఏడే. ఎటువైపైనా 270 డిగ్రీల దాకా తిప్పగలదు, చుట్టూ 360 మాత్రం తిప్పదు. తల గుండ్రంగా తిరిగిపోయిందని చెప్పేవాళ్లు ఒకవైపు తిప్పింది వెంటనే రెండోవైపు తిప్పడం చూసి అలా అనుకుంటారు.

## ఫారెస్ట్ ఔలెట్ ఉండే చోటు, దాని బతుకు

గోదావరి జిల్లాల్లో ఒక్కటి కూడా లేకపోవడమేంటి? మనకి చెట్లు తక్కువా?

చెట్లు కావాల్సినన్ని ఉన్నాయి, దానికి పనికొచ్చే చెట్లు లేవు. ఆకురాల్చే ఎండు అడవి, అందులోనూ చెట్లు ఎడంగా ఉండి నేల కనపడే టేకు అడవి, మధ్యలో గుంపెన, నల్లమద్ది లాంటివి ఉన్నచోటు దానికి ఇష్టం. కొమ్మమీద కూర్చుని నేలమీద పాకే బల్లిని చూసి దూకే పక్షి అది, కాబట్టి కింద ఖాళీ ఉండాలి. మన డెల్టా ఒండ్రు నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక అంతా వరి, కొబ్బరి, అరటి. కింద ఏడాదిలో సగం రోజులు నీళ్లో, బురదో. ఈ నేల పైడికంటికి పండగే, ఫారెస్ట్ ఔలెట్‌కి మాత్రం పనికిరాదు.

పాపికొండల్లో టేకు ఉంది కదండీ, అక్కడైనా ఉండొచ్చు కదా?

ఆశపడటంలో తప్పులేదు. ఎందుకంటే ఈ పక్షిని మొట్టమొదట పట్టుకున్న బస్నా ప్రాంతం ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో మహాసముంద్ జిల్లాలో ఉంది, రాజమండ్రి నుంచి సూటిగా ఉత్తరానికి కొలిస్తే 500 కిలోమీటర్లు కూడా ఉండదు. 1997లో మళ్లీ దొరికిన చోటు, మహారాష్ట్రలోని షహాదా, దాదాపు 900 కిలోమీటర్లు. అయినా పాపికొండల్లో దాన్ని చూసినట్టు ఆధారం లేదు, అక్కడ దొరుకుతున్న చిన్న గూబ ఫొటోలు జంగిల్ ఔలెట్‌వో, ఊరి అంచుల్లో పైడికంటివో. టేకు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎంత ఎండు అడవి, ఎంత ఎడం, గూటికి తొర్రలున్న ముసలి చెట్లు ఎన్ని మిగిలాయి అన్నదే ముఖ్యం.

మరి ఇప్పుడు ఎక్కడెక్కడ ఉంది?

మహారాష్ట్రలో సాత్పురా కొండల వెంబడి, తోరణ్‌మాళ్, మేల్‌ఘాట్ పులుల అభయారణ్యం. మధ్యప్రదేశ్‌లో ఖండ్వా, బుర్హాన్‌పూర్ వైపు అడవులు. గుజరాత్ డాంగ్ ప్రాంతంలో పూర్ణా అభయారణ్యం. 2014లో ముంబయి దగ్గర తాన్సా అభయారణ్యంలో కనపడేసరికి అందరూ ఆశ్చర్యపోయారు, అంత పెద్ద నగరం పక్కన ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆ తాన్సా నుంచి మన గోదావరి పుట్టిన త్ర్యంబకం సూటిగా యాభై కిలోమీటర్ల దూరమే. నది మొదట్లో ఈ గూబ ఉంది, చివర్లో ఉన్న మనకి లేదు.

మొత్తం ఎన్ని మిగిలాయి?

ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2018లో వేసిన అంచనా, పెరిగిన పక్షులు 250 నుంచి 999 మధ్య. అంతకుముందు దాకా ఇది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉండేది, కొత్తచోట్ల దొరకడంతో ఆ ఏడాది ఒక మెట్టు కిందకి దించి ప్రమాదంలో ఉన్న జాతుల్లో పెట్టారు. దీన్ని చూసి "పెరిగాయన్నమాట" అనుకోకండి. పెరిగింది మనం వెతికిన చోట్లు. టేకు అడవుల నరికివేత, సాగుకోసం ఆక్రమణ, వేసవిలో పెట్టే మంటలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఏం తింటుంది? ఎలుకలేనా?

ఎలుకలు తింటుంది కానీ ముఖ్యమైన తిండి అది కాదు. ముంబయి బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) తరఫున ఫరా ఇష్తియాక్, అసద్ రహమానీ ఈ పక్షి మళ్లీ దొరికిన తర్వాతి ఏళ్లలో దాని బతుకుమీద పనిచేశారు. వాళ్లు చూసినదాంట్లో సగానికి పైగా బల్లిజాతివే, అందులోనూ నలికీచులు. తర్వాత ఎలుకలు, మిడతలు, గొంగళిపురుగులు, కప్పలు, అప్పుడప్పుడు చిన్న పిట్టలు. ఆ లావుపాటి కాళ్లూ పెద్ద ముక్కూ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది, తనకి కొంచెం తక్కువ బరువున్న వాటిని కూడా పట్టి చీల్చేస్తుంది.

గుడ్లు ఎప్పుడు పెడుతుంది?

అక్టోబరు నుంచి మే దాకా గూళ్ల కాలం, జతకట్టే సందడి జనవరి, ఫిబ్రవరిలో ఎక్కువ. చెట్టు తొర్రలో ఒకటో రెండో గుడ్లు. పొదగడం, పిల్లల దగ్గర ఉండటం ఆడపక్షి పని, వేటాడి తెచ్చిపెట్టడం మగదాని పని. పిల్లలు నెలరోజులకి, 30 నుంచి 32 రోజుల్లో బయటికి వస్తాయి, వచ్చాక కూడా కొన్నాళ్లు తల్లిదండ్రుల వెనకే తిరుగుతాయి. మన పైడికంటి మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, దానితో పోలిస్తే ఇది తక్కువ, అందుకే ఒక్క తొర్ర చెట్టు పోయినా ఆ జంటకి ఒక ఏడాది పోయినట్టే.

తండ్రే పిల్లని తినేస్తుందట, నిజమేనా?

నిజమే, మగ ఫారెస్ట్ ఔలెట్ తన పిల్లని తిన్న సందర్భాలు పరిశీలకులు చూసి రాశారు. వినడానికి ఘోరంగా ఉంటుంది కానీ గూబల్లో, డేగల్లో ఇది కొత్తకాదు. ప్రతి గూట్లోనూ జరిగేదని మాత్రం అనుకోకండి. దీనిమీద సోషల్ మీడియాలో "రాక్షస పక్షి" అని తిరుగుతున్న పోస్టులు వట్టి వ్యూస్ కోసం.

## పోయిన కథ, దొరికిన కథ

నిజంగా 113 ఏళ్లు ఎవరికీ కనపడలేదా?

పుస్తకాలకెక్కిన లెక్క ప్రకారం అంతే, 1884లో చివరి నమూనా, 1997లో మళ్లీ దర్శనం. 1872 డిసెంబరులో బ్లెవిట్ అనే ఇంగ్లీషు అధికారి మొదటి పక్షిని కాల్చి పంపితే, 1873లో పక్షుల శాస్త్రవేత్త అలెన్ హ్యూమ్ కొత్త జాతిగా రాసి, బ్లెవిట్ పేరే పెట్టాడు. ఆ తర్వాత పుష్కరం లోపు ఇంకొన్ని దొరికాయి. ప్రపంచం మొత్తం మ్యూజియంలలో ఉన్నవి ఏడే ఏడు చర్మాలు, అంటే లోపల దూది లాంటిది కూరి దాచిన పక్షులు. అడవిలో ఉండే గిరిజనులకి కనపడకుండా ఎలా ఉంటుందండీ, ఎదురుగా పగలు కూర్చునే పక్షి! వాళ్లు చూస్తూనే ఉండి ఉంటారు, కాగితం మీద రాసేవాళ్లే అటు వెళ్లలేదు.

ఎవరో మ్యూజియంలో పక్షిని దొంగిలించారని విన్నాను, ఆ గొడవేంటి?

ఈ మొత్తం కథలో సినిమా లాంటి ముక్క ఇదే. రిచర్డ్ మైనెర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైన్యాధికారికి పక్షుల సేకరణలో పెద్ద పేరు. 1914లో గుజరాత్‌లో తపతి ఒడ్డున మాండ్వి దగ్గర ఈ గూబని తనే పట్టుకున్నానని ఒక చర్మం చూపించాడు. చాలామంది నమ్మారు, ఆ తేదీ, ఆ ఊరు పుస్తకాల్లోకి ఎక్కేశాయి. పామెలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ అనే పక్షి శాస్త్రవేత్తలు ఆ చర్మాన్ని ఎక్స్‌రే తీసి, లోపల కూర్చిన తీరు, కుట్లు పోల్చి చూస్తే తేలిందేంటంటే, అది 1880ల్లో జేమ్స్ డేవిడ్‌సన్ ఖాందేశ్‌లో పట్టి పంపిన పక్షి. దాన్ని బ్రిటిష్ మ్యూజియం నుంచి ఎత్తుకొచ్చి, లోపలి కూర్పు మార్చి, పట్టిన ఊరూ తేదీ రాసే చీటీ కొత్తది కట్టాడు. 1999లో ఇది ప్రచురించారు.

దొంగతనం కంటే నాకు కోపం తెప్పించేది ఆ చీటీ. ఒక్క తప్పుడు చీటీ వల్ల వెతికేవాళ్లు లేనిచోటికి పోయి వెతుకుతారు, ఉన్నచోటు అలా ఉండిపోతుంది. కొబ్బరితోట ఫొటోకి "ఫారెస్ట్ ఔలెట్, కోనసీమ" అని పేరుపెట్టి నెట్‌లో పెట్టొద్దని ఇంతగా బతిమాలేది కూడా అందుకే.

1997లో ఎలా దొరికింది?

రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబాట్ అనే ముగ్గురు అమెరికన్లు పాత చర్మాల చీటీలు పట్టుకుని బయల్దేరారు. మాండ్వి చీటీ దొంగదని అప్పటికే అనుమానం ఉంది కాబట్టి దాన్ని పక్కనపెట్టి, నిజమైన చీటీలున్న చోట్లకే వెళ్లారు. ముందు తూర్పున వెతికితే దొరకలేదు. ఆఖరికి సాత్పురా కొండల దిగువన, మహారాష్ట్రలో షహాదా దగ్గర, నవంబరు 25 పొద్దున మోడు చెట్టు మీద కూర్చుని ఉంది. చుక్కల్లేని నెత్తి, తెల్లటి లావుపాటి కాళ్లు. ఎగిరిపోతుందేమోనని వాళ్లు టెన్షన్ పడుతుంటే అదేమో తీరిగ్గా కూర్చుని వీడియో తీయనిచ్చింది.

## మన ఇంటి చుట్టూ ఉండే గూబల గురించి

గుడ్లగూబ ఇంట్లోకి దూరింది. పెద్దవాళ్లు ఇల్లు ఖాళీ చేయమంటున్నారు, ఏం చేయాలి?

ఇల్లు ఖాళీ చేయాల్సింది అదే, మీరు కాదు. దీపం దగ్గర పురుగుల కోసమో, ఎలుక వెనకో, కాకులు తరిమితేనో వచ్చి ఉంటుంది. లోపలి లైట్లు ఆర్పేసి, ఫ్యాను తప్పకుండా ఆపి, ఒక్క కిటికీనో తలుపో బార్లా తెరిచి, అందరూ గదిలోంచి బయటికి రండి. చీకటి పడ్డాక దానంతటదే పోతుంది. చీపురు పట్టుకుని తరిమితే గోడలకి కొట్టుకుని రెక్క విరుగుతుంది. పెద్దవాళ్ల మనసు కుదుటపడటానికి శాంతి చేయించుకుంటానంటే మీ ఇష్టం, దానికి పక్షితో పనిలేదు.

రాత్రి మా పెంకుటింటి మీద అరుస్తోంది. ఎవరికో మూడిందంటున్నారు

అది జతని పిలుస్తోంది, లేదంటే ఈ చూరు నాదని పక్క గూబకి చెబుతోంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గూళ్ల కాలం కాబట్టి ఆ నెలల్లో అరుపులు ఎక్కువ. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో రాత్రంతా దీపం ఉంటుంది, దీపానికి పురుగులు, పురుగులకి గూబ, పైగా ఆ ఇంట్లోవాళ్లే నిద్రలేకుండా ఉండి వింటారు. మిగతా ఇళ్ల మీద కూడా అరిచింది, వాళ్లు నిద్రపోతున్నారు అంతే.

తొర్రకింద బూడిదరంగు ఉండలు పడుతున్నాయి. రెట్టలా?

రెట్ట కాదు. గూబ తిన్నదాంట్లో అరగని ముక్కలన్నీ పొట్టలో ఉండకట్టి నోటివెంట బయటికి వస్తాయి. ఎండినది ఒకటి తీసుకుని పాత పేపరు మీద నీళ్లు చిలకరించి పిన్నీసుతో విప్పండి, పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. బూడిదరంగు పీచు ఎలుక బొచ్చు. అందులో అగ్గిపుల్ల మొనంత దవడ ముక్క, దానికి పసుపుబారిన ముందుపళ్లు. నల్లగా మెరిసే పెంకులు పేడపురుగుల రెక్కలు, వాటి మధ్య మిడత కాళ్ల రంపాలు. మా వైపు పైడికంటి ఉండల్లో పురుగుల పెంకులే ఎక్కువ కనపడతాయి, వీధిలైటు స్తంభం దగ్గర తొర్ర ఉంటే మరీనూ. విప్పాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

కాకులు ముక్కుతో పొడుస్తున్నాయి, కాపాడాలా?

ఆరోగ్యంగా ఉన్న గూబైతే వదిలేయండి, గుబురులోకో తొర్రలోకో దూరిపోతుంది. కిందపడి లేవలేకపోతేనే కాకుల్ని తోలండి.

గూబపిల్ల కింద పడింది. ఇంటికి తెచ్చి పాలు పోశాం, సరేనా?

పాలు వెంటనే ఆపండి, పక్షులకి పాలు అరగవు. నీళ్లు కూడా నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. దెబ్బలేకపోతే, కళ్లు తెరుచుకుని ఈకలు వచ్చి ఉంటే, అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. అదే చెట్టు కొమ్మమీద, పిల్లికి కుక్కకి అందనంత ఎత్తులో పెట్టి దూరంగా వెళ్లిపోండి, మునిమాపున తల్లి వస్తుంది. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది వట్టిమాట. తొర్ర అందేలా ఉంటే లోపలే పెట్టేయొచ్చు. రక్తం, విరిగిన రెక్క, ఈగలు ముసరడం కనపడితే మాత్రం చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డవేసి చీకట్లో ఉంచి, దగ్గర్లోని అటవీశాఖ రేంజి ఆఫీసుకి చెప్పండి. ఈలోగా సెల్ఫీలు వద్దు, భయానికే చచ్చిపోతాయి.

చేలో ఎలుకలమందు పెడితే గూబలు చస్తాయా?

చస్తాయి, వెంటనే కాకపోయినా. నూకల్లో నూనె, బ్రోమాడయోలోన్ కలిపి పెట్టే మందు ఎలుకని అక్కడికక్కడ చంపదు, రక్తం గడ్డకట్టకుండా చేసి నాలుగైదు రోజులకి చంపుతుంది. ఆ నాలుగైదు రోజులూ ఎలుక మందకొడిగా బయట తిరుగుతుంది. గూబకి అంతకంటే తేలిక వేట ఉండదు. అలాంటివి వరసగా తింటే ఆ మందు గూబ ఒంట్లో కూడా చేరి, లోపల రక్తం కారి పోతుంది. వరి రైతుకి ఎలుక ఎంత నష్టమో తెలియక చెప్పడం లేదు, ఊడ్చిన దగ్గర్నుంచీ కాపలాయే. వీలైనచోట బుట్టలు పెట్టి పట్టించండి, గట్లు సన్నగా చెక్కి బొరియలు తగ్గించండి, గూబలు వాలడానికి చేలో కర్రలు పాతండి. మందు పెట్టక తప్పకపోతే బొరియలోపలే పెట్టి మూసి, చచ్చిన ఎలుకల్ని రోజూ ఏరి పాతిపెట్టండి.

తల విరిగిన మొండి కొబ్బరిచెట్టులో గూబ ఉంది. చెట్టు కొట్టించేయాలనుకుంటున్నాం

ఇంటిమీద పడేలా ఉంటే కొట్టించాలి, అందులో మొహమాటం లేదు. లేకపోతే ఉంచండి. గూబ తనంతట తను తొర్ర తొలవలేదు, వడ్రంగిపిట్టో, పుచ్చో చేసిపెట్టినదాంట్లో దూరుతుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు నేలమట్టమయ్యాయి కదా, అలాంటి ప్రతి గాలివాన తర్వాతా మిగిలే మొండి చెట్లు వీటికి ఇళ్లు. కొట్టించక తప్పకపోతే మే దాటాక కొట్టించండి, అప్పటికి పిల్లలు వెళ్లిపోయి ఉంటాయి.

దీపావళి ముందు గుడ్లగూబ ఉందా, కొంటాం అని ఎవరో తిరుగుతున్నారు

అటవీశాఖకో పోలీసులకో చెప్పండి. క్షుద్రపూజల పేరుతో గూబల్ని పట్టి అమ్మడం మనదేశంలో పెద్ద దందా అని వన్యప్రాణుల అక్రమ వ్యాపారం మీద నిఘా పెట్టే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010 నివేదిక బయటపెట్టింది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరాలే, ఏ గూబ అయినా సరే. ఫారెస్ట్ ఔలెట్ ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఆ షెడ్యూల్ జంతువైతే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. "పెంచుకోవచ్చా" అని అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు.

## ఫారెస్ట్ ఔలెట్‌ని చూడటానికి వెళ్లేముందు

ఎప్పుడు వెళ్తే కనపడుతుంది?

డిసెంబరు నుంచి మార్చి దాకా, ఆకులు రాలిన టేకు అడవిలో, పొద్దెక్కిన మొదటి రెండుమూడు గంటలు. ఎత్తయిన మోడు కొమ్మల చివర్లు వెతకండి, తోక అటూఇటూ విదిలిస్తూ ఉంటే చూపు ఆనుతుంది. మేల్‌ఘాట్‌లో అటవీశాఖ అనుమతితో, స్థానిక గైడుతో వెళ్లడం మంచిది. వానాకాలంలో వెళ్లి ఆకుల మధ్య వెతికి తిట్టుకుంటూ వచ్చినవాళ్లు ఉన్నారు.

ఫోన్‌లో దాని అరుపు పెడితే దగ్గరికి వస్తుందట కదా?

వస్తుంది, అందుకే పెట్టకూడదు. తన జాగాలోకి ఇంకో గూబ వచ్చిందనుకుని వేట మానేసి, గుడ్లు వదిలేసి వస్తుంది. లెక్కలు తీసే పరిశోధకులు అనుమతితో, కొలిచినంతే వాడతారు. ప్రతి కారులోవాళ్లూ ఒక్కోసారి పెడితే ఆ జంటకి తిండి తినే టైమే ఉండదు.

అంతదూరం పోలేం. ఇక్కడే మంచిగా చూడాలంటే?

పాత రావిచెట్టో, చింతచెట్టో ఉన్న గుడి దగ్గర, సూర్యాస్తమయానికి పావుగంట ముందు నిలబడండి. టార్చి వేయకండి. పైడికంటి జంటగా తొర్రలోంచి వచ్చి, ఒకదాని తల ఈకలు ఒకటి ముక్కుతో సవరిస్తూ కాసేపు కూర్చుంటాయి, తర్వాత ఒకటి వీధిలైటు వైపు పోతుంది. జంగిల్ ఔలెట్ కావాలంటే రంపచోడవరం దాటి ఘాట్ రోడ్డు ఎక్కాలి, పొద్దున్నే, బైకు ఆపేసి.